పుట్టీ కింద దాగిన జంగు: బాపు చేతక్‌ను రెండోసారి బాగు చేసిన కథ

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన అన్న షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో డెంటర్. సొంతూరు జగిత్యాల దిక్కు. పేరు వద్దన్నారు. ఆడియో వినే వీలు లేనివాళ్ల కోసం, డ్యూటీ బస్సులో కూర్చుని చదువుకునేవాళ్ల కోసం ఆయన మాటలను ఇక్కడ అక్షరాల్లో పెడుతున్నాం. మాట తీరు ఆయనదే. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట మాత్రం కొంచెం కుదించాం.

అందరికీ నమస్తే. మైకు ముందు మాట్లాడుడు నాకు అలవాటు లేదు. సుత్తె పట్టిన చెయ్యి నాది. తప్పు దొర్లితే ఏమనుకోకండి.

పాత బండిని ఇంటి దగ్గర ఎట్ల బాగు చేసుకోవాలె, జంగు రాకుండ ఎట్ల కాపాడుకోవాలె అని చెప్పమన్నరు. తుప్పును మా దిక్కు జంగు అంటం. నేను జంగు అనే అంట. పని ఎట్ల చెయ్యాలె అన్నది చెప్పే ముందు, నేను ఎట్ల చెయ్యకూడదో చేసిన సంగతి చెప్పాలె. దాచిపెడితే ఈ ముచ్చటకు అర్థం లేదు.

సుత్తె చెప్పిన పాఠం

నేను 2007లో వచ్చిన. సనయ్యలో ఒక గ్యారేజీలో హెల్పర్‌గా చేరిన. మా డెంటింగ్ ఉస్తాద్ పెషావర్ దిక్కు మనిషి. మొదటి వారం నా చేతికి గ్రైండర్ ఇయ్యలేదు, చిన్న సుత్తె ఇచ్చిండు. "బండి చుట్టూ తట్టుకుంట పో, సప్పుడు విను" అన్నడు.

అప్పుడు ఒక ల్యాండ్ క్రూజర్ ఎఫ్‌జే40 వచ్చి ఉండె. 1960 నుంచి 1984 దాకా జపాన్‌లో తయారైన బండి అది. ఇక్కడి అరబ్బులకు దాని మీద ఎంత పావురమో సనయ్యలో పనిచేసేటోళ్లకు చెప్పక్కరలేదు. తండ్రి నడిపిన బండి అని కొడుకు తెచ్చిండు. తెల్ల పెయింట్ పాలలెక్క మెరుస్తున్నది. నేను తట్టుకుంట పోయిన. టంగ్, టంగ్ అన్నది. వెనుక డోర్ కిందికి వచ్చేసరికి దబ్ అన్నది, మట్టిగోడను కొట్టినట్టు. ఉస్తాద్ వచ్చి స్క్రూడ్రైవర్‌తో పొడిచిండు. అరచేయి అంత పుట్టీ పెచ్చు ఊడి పడ్డది. లోపల రేకే లేదు. తడి ఇసుక ఉన్నది, దానిలో జంగు పొరలు పొరలుగా ఉన్నది.

"పెయింట్ అబద్ధం చెప్తది బేటా, సప్పుడు చెప్పదు" అన్నడు.

ఎడారిలో జంగు ఎక్కడిది అని మనోళ్లు అడుగుతరు. జంగు పట్టాలంటే ఇనుము, నీళ్లు, గాలి చాలు. ఉప్పు తోడైతే పని జల్దీ అవుతది. లోపలి ఎడారిలో గాలి ఎండుగ ఉంటది, అక్కడ పాత బండి మస్తు రోజులు నిలబడతది. షార్జా, అజ్మాన్, దుబాయ్ సముద్రం ఒడ్డున ఉన్నయి. ఎండాకాలం పొద్దుగాల రూమ్ బయటికి వస్తే అద్దాల మీద చెమట కారినట్టు నీళ్లు ఉంటయి గదా, అదే తడి బండి రేకు మీద, లోపలి సందుల్లో కూడా కూర్చుంటది. దానికి సముద్రపు ఉప్పు తోడు. సబ్ఖా అంటే ఉప్పు నేల. అక్కడ తిరిగిన బండి కింద పట్టిన మట్టి మొత్తం ఉప్పే. సందులో ఇరుక్కున్న ఇసుక ఆ తడిని పట్టుకొని కూర్చుంటది.

2024 ఏప్రిల్ 16 వాన మీకందరికీ యాదికుంటది. అల్ ఐన్ దిక్కు ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజు కూడా నిండకముందే 254.8 మిల్లీమీటర్లు కురిసింది. 1949 నుంచి లెక్కలు రాస్తున్నరు, అంత వాన ఎప్పుడూ పడలేదన్నరు. షార్జాలో మన రూముల కింద రోజుల తరబడి నీళ్లు నిలిచినయి. ఆ నీళ్లలో మునిగిన బండ్లు ఎన్నో గ్యారేజీలకు వచ్చినయి. ఇంజన్, సీట్లు, వైరింగ్ బాగు చేసుకున్నరు. డోర్ కింది పెట్టె సెక్షన్ లోపల నిలిచిన బురద ఎంతమంది కడిగించుకున్నరు? బయటికి కనపడని చోట పట్టిన జంగు ఏడాది, రెండేండ్లకు గాని పెయింట్ మీద బుడగ లెక్క పైకి రాదు. బుడగ వచ్చిందంటే లోపల పని చానా ముందుకు పోయినట్టే. ఎందుకంటే ఇనుము జంగు అయితే ముందుకంటే ఎన్నో రెట్లు ఉబ్బుతది. ఆ ఉబ్బుడే పెయింట్‌ను లేపుతది.

నేను చేసిన తప్పు

మా బాపుకు ఒక చేతక్ ఉండె. 1991 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నడు. బజాజ్ వాళ్లు చేతక్‌ను 1972లో మొదలుపెట్టి ఎన్నో ఏండ్లు చేసిన్రు. ఇప్పుడు ఆ పేరు మీద కరెంటు స్కూటర్ వస్తున్నది, అది వేరే ముచ్చట. ఆ పాత చేతక్ మీదనే నన్ను బడికి తీసుకపోయిండు. పాస్‌పోర్ట్ ఆఫీసుకు, ఏజెంటు దగ్గరికి కూడా దాని మీదనే. కాళ్ల మధ్యల యూరియా బస్తానో, పొటాష్ బస్తానో పెట్టుకొని పొలానికి పోయేది. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమైతది. పొటాష్ అంటేనే ఉప్పు జాతి. బస్తా నుంచి రాలింది రబ్బరు మ్యాట్ కింద చేరి, వానకు తడిసి, ఆ ఫ్లోర్ రేకును ఏండ్ల తరబడి తిన్నది.

2013లో చెల్లె పెండ్లికి చుట్టి మీద పోయిన. ముప్పై రోజులు. పెండ్లి పనులన్నీ అయ్యేసరికి చేతిలో నాలుగు రోజులు మిగిలినయి. గల్ఫ్ నుంచి డెంటర్ కొడుకు వచ్చిండు, బాపు బండి గిట్ల ఉంటే ఎట్ల అని నాకు నేనే అనుకున్న. ఫ్లోర్‌కు రెండు చోట్ల బొక్కలు ఉండె. పాత పెయింట్ మీదనే పైపైన గీకి, బొక్కల మీద జాలీ పెట్టి, పుట్టీ నింపి, వాటర్ పేపర్ కొట్టి, నీలం పెయింట్ కొట్టిన. కింద జంగు కనపడకుండ నల్ల అండర్ కోటింగ్ పూసిన. ఊరంతా మెచ్చుకున్నది. బాపు ముఖం చూస్తే నాకు కడుపు నిండింది.

నేను తెల్వక చేసిన పని కాదది. ఆరేండ్ల సంది అదే పనిలో ఉన్న. ఉస్తాద్ మాట యాదికున్నది. టైం లేదని చేసిన.

2015 వానాకాలం తమ్ముడు ఫోన్ చేసిండు. చెరువు కట్ట మలుపు దగ్గర బాపు వెనుక బ్రేకు తొక్కిండు. చేతక్‌కు బ్రేక్ పెడల్ ఫ్లోర్ రేకుకే బోల్టులతో బిగించి ఉంటది. తొక్కంగనే రేకు కిందికి వంగింది, పెడల్ ఒరిగింది, బ్రేకు పడలేదు. బండి కట్ట దిగి పడ్డది. బాపు కుడి చెయ్యి మణికట్టు విరిగింది. పడ్డది గడ్డి మీద కాబట్టి తలకు దెబ్బ తగల్లేదు.

ఫోన్‌లో బాపు నన్ను ఒక్క మాట అనలేదు. "బండి పాతదైంది బిడ్డా" అన్నడు, గంతే. నేను పుట్టీ పెట్టిన సంగతి నాకు తెలుసు. ఆ రాత్రి రూమ్‌లో ఎవరికీ చెప్పలేదు. ఇయ్యాల మొదటిసారి చెప్తున్న.

ల్యాండ్ క్రూజర్‌కు కింద వేరే చాసిస్ ఉంటది. పైన బాడీ రేకు పోయినా బండి నిలబడతది. చేతక్, వెస్పా జాతి స్కూటర్లకు వేరే చాసిస్ లేదు. రేకే చాసిస్. ఫ్లోర్ పోయిందంటే ఎముక పోయినట్టే. దాని మీద పుట్టీ పెట్టుడంటే విరిగిన కాలుకు పౌడర్ పూసినట్టు.

రెండోసారి: విప్పుడు, కోసుడు, అతుకుడు

2022లో రెండు నెలల చుట్టి దొరికింది. జనవరిలో పోయిన, కావాలనే. మనోళ్లు చానామంది జూన్, జూలైలో పోతరు. అప్పుడు మన దగ్గర వానలు. గ్రైండర్ కొట్టిన రేకు పొద్దుగాల మెరుస్తది, సాయంత్రానికి ఎర్రగ అవుతది. పెయింట్ మీద కూడా తెల్లటి మసక వస్తది. ఎండుగ ఉండే కాలమే ఈ పనికి మంచిది.

మొదలు మొత్తం విప్పుడు. ఇంజన్ దించుడు, సీటు కింది పెట్రోల్ ట్యాంక్ తీసుడు, వైరింగ్ లాగుడు. విప్పే ముందు ప్రతి వైరు, ప్రతి కేబుల్ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బోల్టులు చిన్న డబ్బాల్లో వేసి పేరు రాయండి. చిన్న సామాను జంగు పట్టి ఉంటే ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి ఆయిల్ పూస్తే సరిపోతది.

తర్వాత సుత్తె. ఫ్లోర్ మొత్తం, కింద నడిమిట్ల పోయే పెట్టె లాంటి చానల్, స్టాండ్ బిగించే చోటు, లెగ్ షీల్డ్ కింది అంచు, స్టెప్నీ కింద, రెండు దిక్కుల డిక్కీల లోపలి అంచులు. చేతక్‌కు జంగు పట్టే చోట్లు ఇవే. దబ్ అన్న చోట చాక్‌పీస్‌తో గుండ్రం గీసిన. నా 2013 నాటి నల్ల కోటింగ్‌ను గీకితే చేప పొలుసు లెక్క ఊడింది. కింద రేకు వేలితో నొక్కితే లోపలికి పోయింది. నల్ల కోటింగ్ ఎండి పగిలితే నీళ్లు దాని కిందికి దూరుతయి. ఇగ బయటికి రావు. జంగు మీద ఆ కోటింగ్ పూసుడంటే తడి గుడ్డ చుట్టి పెట్టినట్టు.

ఇప్పుడు కోసుడు. జాగ్రత్త, ఫ్లోర్ కోస్తే స్కూటర్ రెండు ముక్కల మధ్య పట్టు పోతది. కోసే ముందే లెగ్ షీల్డ్ దిక్కు నుంచి సీటు దిక్కుకు ఒక యాంగ్లర్ అడ్డం పెట్టి తాత్కాలికంగా వెల్డింగ్ పెట్టాలె. లేకుంటే కొత్త రేకు అతికినంక బండి వంకర పోతది. ఫ్లోర్ రేకు తయారుది దొరికితే మంచిది. లేదంటే మంచి టింకర్ 18 గేజ్ రేకు, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం, కొలత తీసి వంచి చేస్తడు. జంగు పట్టిన రేకును మంచి రేకు తగిలేదాక కొయ్యాలె. పాడైన అంచుకు వెల్డింగ్ పెడితే అంటదు, కాలి బొక్క పడతది. నేను కోసుకుంట పోతే నేను అనుకున్న దానికి రెండింతలు పోయింది. పాత బండి పని ఎప్పుడైనా అంతే. కోసినంక గాని అసలు లెక్క తెల్వదు.

పెట్రోల్ ట్యాంక్ సంగతి గట్టిగ చెప్తున్న. ట్యాంక్ బండి మీద ఉండంగ వెల్డింగ్ వద్దు. ఖాళీ ట్యాంకే గదా అని దానికి మంట చూపించొద్దు. నిండిన ట్యాంక్ కంటే ఖాళీ ట్యాంక్‌లో ఉండే ఆవిరే పేలుతది.

ఇసుక బ్లాస్టింగ్ చేయిస్తమని ఎవరైనా అంటరు. స్కూటర్ రేకు పల్చగ ఉంటది. తెల్వనోళ్ల చేతిలో పడితే అప్పడం లెక్క వంకరలు పోతది. ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకు విషం. గ్రైండర్‌కు వైర్ కప్ బ్రష్, గీకుడు, ఓపిక. నాకు ఇవే సరిపోయినయి.

జంగును ఆపుడు

మంచి రేకు మీద కూడా చిన్న చిన్న గుంటల్లో నల్ల చుక్కలు మిగులుతయి. అదీ జంగే. వాటికి ఫాస్పారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ పనిచేస్తది. జంగును ఫాస్ఫేట్ పొరగా మారుస్తది. గ్లౌజులు, కండ్లద్దాలు పెట్టుకోవాలె. డబ్బా మీద ఎట్ల కడగమని రాస్తే అట్ల కడిగి, పూర్తిగ ఎండబెట్టాలె. తడి ఉంటే చేసిందంతా నీళ్లపాలు.

ఎండినంక థిన్నర్‌తో తుడవాలె. ఆ తర్వాత చేత్తో ముట్టొద్దు. మన చేతి చెమటలో ఉప్పు ఉంటది. వేలిముద్ర పడ్డ చోటే జంగు మొదలైన రేకులు నేను చూసిన.

అదే రోజు ఎపాక్సీ ప్రైమర్. రెండు డబ్బాలు కలిపి కొట్టేది. ఇది రేకును గట్టిగ పట్టుకుంటది, నీళ్లను దగ్గరికి రానియ్యదు. పుట్టీ అవసరమైతే ఈ ప్రైమర్ మీద పల్చగ, సొట్టలు చదును చేసే వరకే. పుట్టీ నీళ్లను పీల్చుకుంటది. అందుకే దాన్ని ఒట్టి రేకు మీద పెడితే తడి సక్కగ ఇనుముకే చేరుతది. నేను 2013లో చేసింది అదే. పుట్టీ చెడ్డది కాదు. దాన్ని ఎక్కడ పెట్టాలె అన్నదే ముచ్చట. సొట్టకు పుట్టీ, బొక్కకు రేకు. ఈ ఒక్క మాట యాది పెట్టుకోండి.

వెల్డింగ్ అతుకుల మీద సీలెంట్ పూసిన. తర్వాత రంగు. ఇక్కడ మన పెయింటర్ అన్నదమ్ముల కోసం ఒక మాట. హార్డ్‌నర్ కలిపే టూకే పెయింట్‌లో ఐసోసయనేట్లు ఉంటయి. అవి ఊపిరిలో పడితే ఆస్తమా వస్తది. ఒకసారి వచ్చిందంటే తర్వాత కొంచెం వాసనకే దమ్ము ఆడదు, పెయింటర్ బతుకు అక్కడితో ఆగిపోతది. గుడ్డ కట్టుకుంటే, దుమ్ము మాస్క్ పెట్టుకుంటే ఆగేది కాదది. బయటి నుంచి మంచి గాలి పైపు ద్వారా వచ్చే మాస్క్ కావాలె. గ్యారేజీలో అడగండి, మొహమాటం వద్దు. ఇంటి దగ్గర అది ఉండదు. పక్కింట్ల పిల్లలు ఉంటరు. అందుకే నేను పైరంగు ఇంటి దగ్గర కొట్టలేదు, బూత్ ఉన్న పెయింటర్ దగ్గర కొట్టించిన. నా పని నేను చేసుకోలేనా అన్న రోషం పక్కన పెట్టిన.

రంగు అయినంక పని అయిపోయిందనుకుంటరు. కాదు. కింది చానల్ లోపల, పెట్టె సెక్షన్ల లోపల బ్రష్ పోదు. అక్కడికి సన్న పైపు ఉన్న స్ప్రేతో క్యావిటీ వ్యాక్స్ కొట్టాలె. కొందరు పాత ఇంజన్ ఆయిల్ పోస్తరు. అది కారిపోతది, రబ్బర్లను పాడు చేస్తది. మైనం అట్లనే పట్టుకొని ఉంటది. నీళ్లు పోయే చిన్న బొక్కలను మాత్రం మూసెయ్యొద్దు. కంపెనీ వాళ్లు వాటిని ఊకె పెట్టలేదు. మూస్తే వచ్చిన నీళ్లు లోపలే ఉంటయి.

మనం మళ్లీ వచ్చేదాక

మన కష్టం వేరే. బండి బాగు చేసి మనం విమానం ఎక్కుతం. రెండేండ్లకు గాని రాం. ఇంట్లో నడిపేటోళ్లు ఉంటే వాళ్లకు ఒకటే చెప్పండి, వానలో తిరిగి వస్తే రబ్బరు మ్యాట్ లేపి ఆరబెట్టమని. ఎరువు బస్తా పెడితే కడగమని.

నడిపేటోళ్లు లేకుంటే పెట్రోల్ మొత్తం తీసేసి, కార్బొరేటర్ ఖాళీ చేసి, ట్యాంక్ లోపల కొంచెం ఆయిల్ తిప్పి పెట్టండి. ఇప్పుడు మన దగ్గర పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నరు. ఇథనాల్ నీళ్లను గుంజుకుంటది. నెలల తరబడి నిలువ ఉంటే ట్యాంక్ లోపలి నుంచి జంగు పడతది. బండి మీద ప్లాస్టిక్ తాడుపత్రి బిగించి కట్టొద్దు, లోపల చెమట పడతది. పాత దుప్పటి కప్పండి, గాలి ఆడనియ్యండి. టైర్లు మట్టి నేల మీద కాకుండ బండల మీద పెట్టండి.

ఇక్కడి నుంచి సామాను తీసుకపోదామనుకునేటోళ్లకు: పెయింట్, థిన్నర్, స్ప్రే డబ్బాలు, యాసిడ్లు కార్టన్‌లో పెట్టొద్దు. విమానంలో రానియ్యరు, ఎయిర్‌పోర్ట్‌లో కార్టన్ విప్పదీస్తరు. గీకుడు పట్టీలు, వాటర్ పేపర్లు, గ్లౌజులు, మంచి మాస్క్ తీసుకపోండి. అక్కడ మనోళ్లు కొనుక్కోనివి అవే. పని వచ్చు గదా అని ఇక్కడ సెలవు రోజు బయట బండి పనులు ఒప్పుకోకండి. పర్మిట్ లేకుండ వేరేవాళ్లకు పని చేస్తే చట్టం ఒప్పుకోదు. మన ఉద్యోగం కంటే ఏదీ ఎక్కువ కాదు.

పదిహేనేండ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ కావాలె. పైసలు పెట్టే ముందే ఆ కాగితాలు చూసుకోండి. యాభై ఏండ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. అది చూపించుకునే బండ్లకు, రోజూ తిరిగేటందుకు కాదు.

పాత బండ్ల మీద ఇష్టం ఉన్నోళ్లు షార్జా నుంచి ధైద్ పోయే రోడ్డు మీద క్లాసిక్ కార్స్ మ్యూజియం చూడండి. 2008లో తెరిచిన్రు. నేను పోయినప్పుడు అందరూ ముందు నుంచి ఫోటోలు దిగుతుంటే నేను వంగి డోర్ల కింది అంచులు చూస్తున్న. ఈ పని చేసేటోళ్లకు అదే రోగం.

ఇగ బాపు సంగతి. బండి తయారై వాకిట్లో పెట్టిన రోజు నేను పెయింట్ గురించి అడుగుతడేమో అనుకున్న. బాపు పెయింట్ దిక్కు చూడనే లేదు. లోపలికి పోయి నా చిన్న సుత్తె తెచ్చి, పక్కన గొంతుకూర్చొని, బ్రేక్ పెడల్ చుట్టూ కింది నుంచి తట్టిండు. అప్పుడు అర్థమైంది, ఏడేండ్ల సంది ఆయనకు అంతా తెలుసని. టంగ్ అన్నది. ఇంకో చోట కొట్టిండు. టంగ్ అన్నది. సుత్తె నా చేతిలో పెట్టి, "పెట్రోల్ పోయి" అన్నడు.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక పాత బండి ఉంటది. ఈ వారం వీడియో కాల్ చేసినప్పుడు తమ్మునికో, కొడుకుకో చెప్పండి, మ్యాట్ లేపి, కింద సుత్తెతో మెల్లగ తట్టమని. ఫోన్ దగ్గర పెట్టమనండి. సప్పుడు మీకే వినపడతది. దబ్ అంటే, మీరు వచ్చేదాక ఆ బండి ఎవరినీ నడపనియ్యకండి.

ఉంట మరి. నమస్తే.

ఈ ఎపిసోడ్ మీద మీ ప్రశ్నలు వాయిస్ మెసేజ్‌గా పంపండి. డెంటింగ్, పెయింటింగ్ పనిలో ఉన్నవాళ్లు మాస్కుల గురించి తమ అనుభవం చెప్తే తర్వాతి ఎపిసోడ్‌లో వినిపిస్తాం.